కంది మోడు గుచ్చిందేమో

పొద్దు వాలే వేళ గొర్రెల మంద ఇల్లు చేరడం మీరెప్పుడైనా చూశారా? మందను దొడ్లోకి తోలి తడికె వేసేస్తే కాపరి పని అయిపోయిందని పట్నం వాళ్లు అనుకుంటారు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. యాలాల్ దగ్గరి ఓ పల్లెలో పరశురాం ఇంటి ముందు రోజూ జరిగేది ఇదే. ఒక్క గొర్రె పట్టేంత సందు ఉంచి తడికె తెరుస్తాడు. వచ్చిన గొర్రెను వచ్చినట్టే పట్టి, మోకాళ్ల మధ్య అదిమి, నాలుగు కాళ్లూ ఎత్తి చూస్తాడు. గిట్టల సందున వేలు పెట్టి తడుముతాడు. ముల్లు తగిలితే సూదితో తీసి, ఇంత పసుపు అద్ది లోపలికి వదులుతాడు. నలభై రెండు గొర్రెలు. ఒక్కదాన్ని కూడా చూడకుండా వదలడు. ముల్లు కాలిలో ఉండిపోతే చీము పడుతుంది, గొర్రె కుంటుతుంది, కుంటే గొర్రె మంద వెనక పడి కుక్కల పాలవుతుంది. అతని తాత ఇలాగే చూశాడు, తండ్రి ఇలాగే చూశాడు.

ఆ పని వేళ మాత్రం పరశురాం ఫోను పక్కన పెట్టేవాడు. బుద్ధి వచ్చి కాదు, రెండు చేతులూ కావాలి కాబట్టి.

మిగతా వేళల్లో ఫోనే లోకం. మంద మేస్తుంటే ఫోను, అన్నం తింటుంటే ఫోను, పడుకునే ముందు ఫోను, కళ్లు తెరవగానే ఫోను. ఒక వీడియో అయిపోతుంది, బొటనవేలు పైకి జరుగుతుంది, ఇంకొకటి వస్తుంది. ఎవడో ఎక్కడో బావిలో దూకుతాడు, ఎవతో అత్త వేషం కట్టి కోడల్ని తిడుతుంది, ఎవడో ఒంటె మీద నుంచి పడతాడు. పరశురాం నవ్వుకుంటాడు. అలాగని అతన్ని చెడ్డవాడని అనుకోకండి. తాగడు, పేకాట ఆడడు. భార్యను పల్లెత్తు మాట అనడు. అసలు ఆమెతో మాటే తక్కువ. మంచిదీ లేదు, చెడ్డదీ లేదు. ఏం చెప్పినా "ఊ" అంటాడు, అంతే.

భార్య సింధుజది బంట్వారం. కలుపు తీస్తూ కూడా కళ్లు నాలుగు దిక్కులా తిప్పే మనిషి. తనకు కనబడింది పక్క మనిషికి చూపించందే ఆమెకు తోచదు. కంది పూత పసుపు పరిచినట్టు విరగబూస్తే "జర గిటు సూడు" అనేది. ఈనిన గొర్రె పిల్లను నాకుతుంటే "జర గిటు సూడు" అనేది. బిడ్డ అశ్విని నాయినమ్మ చీర చుట్టుకుని, బొడ్లో సంచి దోపి నడిచి చూపిస్తుంటే పడీపడీ నవ్వి "ఓ, జర గిటు సూడరాదు" అని బతిమాలేది. పరశురాం "ఊ" అనేవాడు. కళ్లు మాత్రం లేచేవి కావు. ఎనిమిదేళ్ల అశ్వినికి ఆ "ఊ" సంగతి ఎప్పుడో తెలిసిపోయింది. "అమ్మా, నాయిన సూడడే. నువ్వే సూడు" అని తల్లి కొంగు లాగేది. సింధుజ మాత్రం చూపించడం మానలేదు. పదేళ్ల కాపురంలో ఒక మనిషి మీద అంత ఆశ పెట్టుకోవడం తక్కువ సంగతి కాదు.

జనవరి నెల. కంది కోతలు. వాళ్ల రెండెకరాల చేనులో కంది కోసి, కట్టలు కట్టి ఎక్కడికక్కడ పడేసి ఉంది. కోసిన చోట మొదళ్లు ఏటవాలుగా మిగిలి సూదుల్లా ఉంటాయి. వాటినే కంది మోళ్లు అంటారు. చెప్పుల్లేని కాలికి అవి గుచ్చుకోవడం ఆ కాలంలో ఇంటింటి సంగతి. సింధుజ చెప్పు వారు పొద్దున్నే తెగింది. చెప్పులు గట్టు మీద విడిచి, కట్టలు మోసి కుప్ప వేస్తోంది. రాలిన ఆకు, కాయ మేయడానికి పరశురాం మందను ఆ చేలోకే తోలుకొచ్చి, తుమ్మచెట్టు నీడన కూర్చున్నాడు. చేతిలో ఏముందో మీకు చెప్పనక్కర్లేదు.

ఇద్దరి మధ్య పది అడుగుల దూరం కూడా లేదు.

సింధుజ వంగి ఒక కట్ట ఎత్తింది. "అబ్బా!" అని కాలు వెనక్కి లాక్కుంది. కట్ట జారిపడింది.

"కాలికేందో గుచ్చింది. జర గిటు సూడు."

ఫోనులో ఒక మొగుడు పెళ్లాం వేషగాళ్లు గరిటెతో కొట్టుకుంటున్నారు. పరశురాం ముఖంలో నవ్వు పోలేదు. "ఊ... కంది మోడు గుచ్చిందేమో" అన్నాడు.

"మోడు గాదు, మస్తు మంటగున్నది."

"మోడే ఉంటది. చెప్పులేస్కో."

సింధుజ ఒక్క క్షణం అతని వైపు చూసింది. వంచిన తల, కదులుతున్న బొటనవేలు. దెబ్బ మడమ వెనక పక్కన ఉంది, వంగినా తనకు సరిగా కనబడలేదు. కొంగు అంచు చింపి మడమ పైన చుట్టుకుంది. మోడే అయి ఉంటుందని తనూ అనుకుంది. మనిషి మాటకు మనిషి అలాగే లొంగుతుంది కదా! మిగిలిన కట్టలు కూడా కుంటుకుంటూ మోసింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆ కాలు మోకాలి దాకా వాచింది. ఆమె గుమ్మం ముందు మెట్టు మీద కూలబడింది. ఎదురుగా పరశురాం తడికె దగ్గర నిలబడి గొర్రెలను ఒక్కొక్కటే పట్టి కాళ్లు ఎత్తి చూస్తున్నాడు. మూడు ముళ్లు దొరికాయి. మూడూ తీశాడు, పసుపు అద్దాడు. ఆ రోజూ నలభై రెండు గొర్రెల కాళ్లు చూశాడు. మెట్టు మీద కూర్చున్న మనిషి కాలు చూడలేదు. ఆమె కూడా పిలవలేదు. పదేళ్లలో మొదటిసారి సింధుజ పిలవకుండా ఊరుకుంది.

నీళ్ల చెంబు అందించడానికి వచ్చింది పరశురాం తల్లి బీరమ్మ. ముసలమ్మకు శుక్లాలు ముదిరి చూపు మసక. అయినా కోడలు పుక్కిలించి ఉమ్మిన నీళ్లు ఎర్రగా ఉండటం ఆమెకు కనబడింది.

"ఏందే పిల్లా, పండ్లల్ల రక్తమేందే?" అని గాభరాగా వంగింది. కాలికి కట్టిన గుడ్డ విప్పి చేత్తో తడిమింది. "ఓ పరశా! ఉర్కిరా. ఇది మోడు గాదురా, పురుగు ముట్టింది!"

పరశురాం వచ్చి చూశాడు. మడమ పక్కన రెండు గాట్లు. పక్కపక్కనే, కొలిచి పెట్టినట్టు. గొర్రెల కాళ్లలో వేయి ముళ్లు చూసిన కళ్లవి. అది ముల్లు కాదు, పాము కాటని తెలియడానికి వాటికి రెప్పపాటు కూడా పట్టలేదు.

ఆటోలో తాండూరు దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు కాలు చూసి, రక్తం చిన్న గాజుగొట్టంలో పోయించి, గడ్డ కడుతుందేమో అని కనిపెట్టుకుని ఉన్నాడు. గడ్డ కట్టలేదు.

"రక్తపింజర అయి ఉంటది. కోతల కాలం గదా, కట్టల కింద పడుకొని ఉంటది. ఎన్ని గంటలకు కరిచింది?" అని అడిగాడు.

అది పరశురాంకు తెలియదు. పొద్దు ఎంత ఎక్కిందో చూడలేదు. ఆమె ముఖం ఎలా ఉందో చూడలేదు. గుర్తున్నది ఒక్కటే, గరిటె వీడియో. ఫోను తీసి, చూసిన వీడియోల పట్టీలో దాన్ని వెతికాడు. దొరికింది. "పన్నెండు నలభై సార్" అన్నాడు.

డాక్టరు గోడ గడియారం చూశాడు. ఏడు కావస్తోంది. "కరిచినప్పుడు పక్కన ఎవరూ లేరా?"

"నేనున్న సార్."

"ఉండి?"

"మోడు గుచ్చిందనుకున్న సార్."

"చూసినవా?"

పరశురాం తల దించుకున్నాడు. డాక్టరు కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని పరశురాం తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

మందు ఎక్కించారు, హైదరాబాదుకు పంపారు. కిడ్నీలు అప్పటికే దెబ్బతిన్నాయి. మూడో రోజు మధ్యాహ్నం సింధుజ కన్నుమూసింది. ఆ మూడు రోజులూ పరశురాం ఆమె ముఖం మీద నుంచి చూపు తిప్పలేదు. ఎడమ కనుబొమ్మ మీద చిన్న మచ్చ ఉందని అప్పుడే గమనించాడు. ఆమె కళ్లు మూతపడి ఉన్నాయి. అతను చూస్తున్నాడని ఆమెకు తెలియనే లేదు. ఇంతకన్నా ఘోరం ఏముంటుంది చెప్పండి!

కర్మలు అయ్యాయి. చుట్టాలు వెళ్లిపోయారు. ఫోను గూట్లో పడి ఉంది, మోగితే తప్ప పరశురాం ముట్టడు. మంద వెనక నడుస్తూ ఆమె చూపించినవి గుర్తు తెచ్చుకోబోయేవాడు. "జర గిటు సూడు" అన్న పిలుపు చెవిలో గింగురుమనేది. ఏం చూడమందో గుర్తుకు రాదు. చూడనిది ఎలా గుర్తుంటుంది? ఒంటె మీద నుంచి పడ్డవాడు గుర్తున్నాడు. గరిటె పట్టిన ఆడమనిషి కట్టిన చీర రంగు గుర్తుంది. చివరి రోజు చేలో తన భార్య ఏ చీర కట్టిందో గుర్తు లేదు.

అశ్విని తండ్రితో మాట్లాడటం మానేసింది. అలక కాదు. తండ్రితో చెప్పడం అనే పని ఒకటి ఉంటుందని ఆ పిల్ల మరిచిపోయింది. బడి ముచ్చట, బొమ్మ ముచ్చట, ఆకలి, జ్వరం, అన్నీ నాయినమ్మకే. పరశురాం పిలిస్తే "ఊ" అనేది, పుస్తకంలోంచి తలెత్తకుండా. ఆ "ఊ" ఎవరి దగ్గర నేర్చుకుందో అతనికి తెలుసు. భార్య పోయింది. కళ్ల ముందే బిడ్డ కూడా పోతోందని అతనికి తెలుస్తూనే ఉంది. ఏం చేయాలో తెలియలేదు.

ఒక సాయంత్రం పరశురాం తడికె దగ్గర గొర్రెల కాళ్లు చూస్తున్నాడు. బడి నుంచి వచ్చిన అశ్విని కుంటుకుంటూ అతని పక్క నుంచే దాటిపోయి, వాకిట్లో కూర్చున్న బీరమ్మ దగ్గరికి చేరింది.

"నాయినమ్మా, కాలికేందో గుచ్చింది."

"నాకు కండ్లు కానరావు గదనే. మీ నాయిన దగ్గరికి పో, సూస్తడు."

"నాయిన సూడడు" అంది అశ్విని. కోపంగా అనలేదు. పొద్దు గుంకుతుంది అన్నంత మామూలుగా అంది.

పరశురాం చేతిలోని గొర్రె జారి దొడ్లోకి పరుగెత్తింది. అతని చేతిలో పడ్డాక కాళ్లు చూపించుకోకుండా లోపలికి పోయిన మొదటి గొర్రె అది. అతను వచ్చి బిడ్డ ముందు నేల మీద చతికిలబడ్డాడు. ఆమె కాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. కండువాతో దుమ్ము తుడిచాడు. వేళ్ల సందున, మడమ చుట్టూ, అరికాలంతా వేలితో తడిమి చూశాడు. బొటనవేలి కింద నల్లటి చుక్క కనబడింది. ఒకటే చుక్క. రెండు కాదని మళ్లీ చూశాడు, మళ్లీ చూశాడు. తుమ్మ ముల్లు. సూదితో నెమ్మదిగా లేపి తీసి, అరచేతిలో పెట్టి చూపించాడు.

"ముల్లే బిడ్డా. ముల్లే." అతనికి దుఃఖం ఆగలేదు. కాలు పట్టుకునే భోరున ఏడ్చాడు.

అశ్విని అతన్ని వింతగా చూసింది. మెల్లగా అడిగింది. "నాయినా, అమ్మ కాలు గూడ గిట్లనే సూసుంటే, అమ్మ బతుకుతుండెనా?"

అబద్ధం చెప్పడానికి అతనికి నోరు రాలేదు. "బతుకుతుండె బిడ్డా" అన్నాడు.

బీరమ్మ కర్ర ఊతంగా లేచి దగ్గరికి వచ్చింది. మసక చూపుతోనే కొడుకు తల తడిమి, భుజం మీద చెయ్యి వేసింది.

"ఏడ్వకని నేను అననురా. ఏడువు. కానీ ఒకటి యాదిల పెట్టుకో. పక్కన ఉన్న మనిషి జర గిటు సూడు అన్నదంటే, నువ్వు గావాలె అని పిలుస్తున్నది. ఆ ఫోన్ల ఉన్నోళ్లు నువ్వు సూడకున్నా బతుకుతరు కొడుకా. ఇంట్ల ఉన్నోళ్లు నువ్వు సూస్తెనే బతుకుతరు."