బోర్లాపడిన నెలవంక

చైనా యుద్ధం జరిగిన మరుసటి మాఘానికి హెబ్రోను అయివారు సముద్రం ఒడ్డున మా పాలెం బడికి వచ్చి ఏడాది నిండింది. బుచ్చిరెడ్డిపాలెం క్రైస్తవ కుటుంబం వాళ్ళది. ఒంటరి మనిషి. పిల్లకాయల్ని కొట్టడు, కల్లు తాగడు, పేకాడడు. ఏ దురలవాటూ లేని మనిషిని నమ్మడం ఎంత కష్టమో అనుభవిస్తే గానీ తెలీదు. పైగా సాయంత్రమైతే బడి మిద్దె మీద నల్లరంగు పూసిన తగరపు గొట్టం ఒకటి నిలబెట్టి, దాని కొసకు డబ్బా కెమెరా కట్టి ఆకాశానికి గురిపెడతాడు.

"ఏం చేస్తుండారు అయివారా?" అని అడిగితే, "చంద్రుణ్ణి ఫోటో తీస్తుండా" అనేవాడు.

"ఎందుకు, పెళ్ళి సంబంధానికా?" అన్నాడు వెంకయ్య ఒకసారి. అందరం నవ్వినాం. కానీ చంద్రుడి మొహం తెలీనివాళ్ళు ఎవరున్నారు, ఆ ఫోటోలు ఎవరికి చూపించడానికి అనే అనుమానం మాత్రం ఎవరికీ పోలేదు.

ఆ వెంకయ్య పడవే మాఘ శుద్ధ తదియనాడు ఒడ్డు దగ్గర అలల్లో బోల్తాపడింది. ప్రాణం దక్కింది గానీ కాలు విరిగింది, వల పోయింది.

సరిగ్గా నెలకు, ఫాల్గుణ తదియ మధ్యాహ్నం, వెంకయ్య పెళ్ళాం మస్తానమ్మ చేపలు ఇయ్యడానికి బడి వెనక అయివారి గదికి పోయింది. గోడకు వరసగా ఫోటోలు. అందులో ఒకదాన్ని చూసి చేపల తట్ట అక్కడే దించేసింది.

మా పాలెంలో నెలవంకను చూడ్డం ముచ్చట కాదు, పని. మాఘ ఫాల్గుణాల్లో అది పడవ మాదిరి వెల్లకిలా పడుకోనుంటుంది. నిలకడగా ఉంటే ఆ నెల సముద్రం చల్లంగా ఉంటుందని మా పెద్దోళ్ళ మాట. ఒక పక్కకు ఒరిగిందా, వల భుజానికెత్తే ముందు నాలుగుసార్లు ఆలోచిస్తారు. మస్తానమ్మ చూసిన ఫోటోలో అది ఒరగడం కాదు, కొమ్ములు కిందికి పెట్టుకోని బోర్లాపడి ఉండింది.

ఫోటో పీక్కోని ఊరిపెద్ద పెంచలయ్య దగ్గరికి ఉరికింది. ఆయనకు నాలుగక్షరాలు వచ్చు. అడుగున రాసున్నది కూడబలుక్కోని చదివినాడు.

"మాఘ శుద్ధ తదియ."

అంతే, సాయంత్రానికి పాలెం సగం బడి మిద్దె మీద ఉండింది.

"నెలను బోర్లేసినావు, మా పడవ బోర్లాపడింది," అన్నాడు పెంచలయ్య ఫోటో ముందుకు చాపి. "ఈ గొట్టాన్ని ఈ పూటే సముద్రంలో పారేస్తాం. నువ్వు మూట కట్టుకోని అల్లూరు దారి పట్టు."

అయివారు గొట్టం మీద చెయ్యేసినాడు. మద్రాసులో పాత సామాన్ల అంగట్లో ఆ గొట్టంలో అద్దం కొనడానికి మూడేళ్ళు ఒంటిపూట తిన్న మనిషి.

"పెద్దాయనా, ఇందులో అద్దం గుణమే అంత. దేన్నైనా తలకిందులుగానే చూపిస్తుంది."

"మరి ఫోటో తిప్పి అంటించుకోవచ్చు గదా?"

"చంద్రుడి పటాలు పుస్తకాల్లో ఇట్నే ఉంటాయి. పోల్చుకోవడానికి సులువని నాలాంటోళ్ళంతా..."

"అంటే నీలాంటోళ్ళు ఇంకా ఉండారన్నమాట!" అనింది మస్తానమ్మ.

కెమెరా ఇంకా కట్టని గొట్టానికి పెంచలయ్య కన్ను ఆనించినాడు. పొద్దింకా కుంకలేదు. తెల్లగా పలచగా నెలవంక పడమటి పక్క పైన ఉండింది. ఒకసారి గొట్టంలో, ఒకసారి ఆకాశంలో, మళ్ళీ గొట్టంలో చూసి వెనక్కు జరిగినాడు.

"పైన వెల్లకిలా ఉండాది. దీంట్లోకి రాంగానే బోర్లాపడతా ఉండాది."

నాలుగు చేతులు గొట్టం మీద పడినాయి. "ఒక్క నిమిషం!" అని అయివారు దాన్ని లాక్కోని తూర్పుకు, సముద్రం మీదికి తిప్పినాడు. చంద్రుడొక్కడే కాదు, ఏదైనా అంతేనని చూపిస్తే నమ్ముతారనుకున్నాడు పాపం. ఎండ పడి మెరుస్తా ఒక పడవ వస్తా ఉండింది. దానికి గురిపెట్టి, "చూడండమ్మా," అన్నాడు.

చూసింది పెంచలయ్య పెళ్ళాం కామమ్మ. ఆ పడవ ఆమె అల్లుడిది.

"అయ్యయ్యో, ముత్యాలయ్య తలకిందులై వేలాడతా ఉండాడే! నా బిడ్డ కొంప ముంచినాడే!"

తల తిప్పి చూస్తే పడవ మామూలుగానే వస్తా ఉంది. కానీ ఇంకా ఒడ్డెక్కలేదు. ఒడ్డుకు ఆవల మూడు వరసల అలలు విరుగుతుంటాయి. వెంకయ్య పడింది అక్కడే.

పెంచలయ్య మెల్లగా అన్నాడు: "ఆ పడవ ఒడ్డెక్కేదాకా ఎవరూ కదలొద్దు. నువ్వు గూడా, అయివారా."

అయివారు కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదిలినాయి.

"మంత్రం! మంత్రమేస్తుండాడు!"

పాపం, ప్రార్థన కూడా మింగేసినాడు.

మొదటి అల పడవను ఎత్తి దించింది. రెండోది పక్కనుంచి కొట్టింది. పడవ ఒరిగింది. కామమ్మ మిద్దె పిట్టగోడ పట్టుకోని కూలబడింది. మూడో అల వెనక నుంచి వచ్చి, దాన్ని తోసి ఇసకలో పడేసింది. ముత్యాలయ్య దూకి, మిద్దె నిండా జనాన్ని చూసి అరిచినాడు.

"ఏంది? ఎవరన్నా పోయినారా?"

ఎవరూ నవ్వలేదు. పెంచలయ్య గొట్టాన్ని ఒకసారి, ఇసకలో నిలబడిన పడవను ఒకసారి చూసినాడు.

"చూసేదానికి తిప్పుతుందే గానీ, ఉన్నదాన్ని తిప్పదు. ఉండనీండి," అన్నాడు.

"ఉండనిచ్చేది లేదు!" అని కామమ్మ లేచింది. "ఈసారి మా అల్లుడు తప్పించుకున్నాడు. మళ్ళా తప్పించుకుంటాడని ఎవరు చెప్పొచ్చినారు? ఆ అద్దం ఊడదీ, అయివారా."

అయివారు ఊడదీసినాడు. కామమ్మ దాన్ని కొంగులో మూటగట్టింది.

"ఇది మా ఇంట్లో ఉంటుంది. పడవలన్నీ ఒడ్డుకొచ్చినాక వచ్చి అడుగు, ఇస్తా. తెల్లారకముందే తెచ్చియ్యాల."

"గీత పడుతుందమ్మా, జాగ్రత్తగా..."

"మా అల్లుడి ఒంటికి గీత పడనంతకాలం నీ అద్దానికీ పడదు," అని కామమ్మ మెట్లు దిగింది.