చచ్చినవాడికి పది మార్కులు

లెక్కల్లో ఫెయిలైతే ఓదార్చడానికి నలుగురు దొరుకుతారు. నాటకాల్లో ఫెయిలైనవాడు మాత్రం అమెరికాలోని నేపర్‌విల్ తెలుగువాళ్లలో అప్పటిదాకా ఒక్కడూ లేడు. ఆ ఘనత తనకే దక్కేలా ఉందని రాజగోపాల్‌కి 1984 నవంబరులో అర్థమైంది.

అప్పుడతను ఇంటికి దగ్గర్లోని రెండేళ్ల కాలేజీలో చదువుతున్నాడు. జనవరి నుంచి యూనివర్సిటీలో ఇంజినీరింగ్ సీటు ఖాయమైంది. షరతు ఒక్కటే, ఈ సెమిస్టర్‌లో ఏ కోర్సులోనూ గ్రేడు సి కంటే తగ్గకూడదు. కాల్‌క్యులస్, ఫిజిక్స్ అతనికి మంచినీళ్ల ప్రాయం. కళలకి సంబంధించిన కోర్సు ఒకటి తప్పనిసరి అన్నారు కాబట్టి, తెనాలిలో పుట్టినవాడికి నాటకం నేర్పేదెవరులే అనుకుని ఇంట్రడక్షన్ టు థియేటర్‌లో చేరాడు. అమెరికా రాకముందు, చిన్నప్పుడంతా తాతయ్య పక్కన కూర్చుని తెల్లవార్లూ పద్యనాటకాలు చూశానన్న గర్వం అది.

ఆ గర్వంతోనే పుస్తకం తెరవలేదు. స్టేజీకి కుడి ఎడమలు నటుడి వైపు నుంచి చూడాలని తెలియక క్విజ్‌లో బొమ్మంతా తిరగేసి గుర్తులు పెట్టాడు. గ్రీకు నాటకాల మీద వ్యాసం రాయమంటే, హార్మోనియం లేకపోవడం వాళ్లకి పెద్ద లోటని తేల్చేశాడు. ప్రొఫెసర్ మిస్ హార్లన్ ఓపికగా చదివి డి ఇచ్చింది.

గట్టెక్కడానికి మిగిలిన దారి పది మార్కుల ఎక్స్‌ట్రా క్రెడిట్. కాలేజీ వేసే నాటకానికి తెర వెనక పని చేయవచ్చు, లేదా చిన్న వేషం వేయవచ్చు. సుత్తి పట్టుకుని చెక్కలు కొట్టడం తన స్థాయికి తగదనుకుని వేషమే అడిగాడు. దూత వేషం ఇచ్చారు. పరుగెత్తుకుంటూ వచ్చి, వంతెన కొట్టుకుపోయింది ప్రభూ, మీ కొడుకు నదిపాలయ్యాడు అని రాజుకి చెప్పాలి. ఆ కోపంలో రాజు పొడుస్తాడు. చావాలి. అంతే వేషం.

ఇంట్లో మాత్రం కీలకమైన పాత్ర అని చెప్పాడు. డి సంగతి అమ్మానాన్నల దగ్గర దాచి, తాతయ్య ఒక్కడికే చెప్పుకున్నాడు. తాతయ్య భాస్కరరావు రిటైరైన హెడ్మాస్టరు, వేసవిలో కూతురి దగ్గరికి వచ్చి అప్పట్నుంచీ ఇక్కడే ఉంటున్నాడు. మార్కుల బాధ ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

రిహార్సల్‌కి వెళ్లిన ప్రతిసారీ మిస్ హార్లన్ అతనికి ఒకటే మాట చెప్పింది, చివరి వరసకి వినపడాలని. రాజగోపాల్‌కి అది మోటుగా తోచింది. నటన లోపల జరగాలని అప్పటికతనికి ఒక సిద్ధాంతం ఏర్పడింది. మధ్యలో పుస్తకం ఒక్కసారి తెరిచిన ఫలితం.

మొదటి ప్రదర్శన శుక్రవారం సాయంత్రం. ఇంటిల్లిపాదీ మూడో వరసలో కూర్చున్నారు. రాజగోపాల్ పరుగెత్తుకొచ్చాడు, మాట చెప్పాడు, కత్తిపోటు తిన్నాడు, పడ్డాడు. తనంత గొప్పగా చచ్చినవాడు ఆ స్టేజీ మీద ఇంకొకడు ఉండడని పడుకునే నిశ్చయించుకున్నాడు. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో తాతయ్య గొంతు గంటలా మోగింది.

"వన్స్‌మోర్!"

తెనాలిలో ఆ కేక వినపడితే పద్యం మళ్లీ పాడి తీరాలి. రాజ్యం పోయినవాడైనా, ప్రాణం పోయినవాడైనా సరే, లేచి దులుపుకుని అందుకోవలసిందే. చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశాడో ఏమో, బుర్ర వద్దనేలోపే రాజగోపాల్ ఒళ్లు లేచి నిలబడింది. మూడో వరసకి నమస్కారం కూడా పెట్టింది. ఈసారి వంతెన కొట్టుకుపోయిన సంగతి కారు పార్కింగ్ దాకా వినపడేలా చెప్పాడు. పాపం రాజు కాసేపు అటూ ఇటూ చూసి, చేసేదేమీ లేక మళ్లీ పొడిచాడు. జనం విరగబడి నవ్వారు. ఆ తర్వాత రాజు ఎప్పుడు కత్తి మీద చెయ్యి వేసినా నవ్వుతూనే ఉన్నారు. పాపం, అది విషాద నాటకం.

శని, ఆదివారాలు రాజగోపాల్ గది దాటి బయటికి రాలేదు. పరువు పోయింది, సీటూ పోయేలా ఉంది. అయినా మూల ఎక్కడో చిన్న సంతోషం. ఎంతైనా నాటకాలు చూసి పండిపోయిన తాతయ్య వన్స్‌మోర్ కొట్టాడంటే ఊరికే కొడతాడా?

సోమవారం మిస్ హార్లన్ రమ్మంది. తప్పు నాది, నేనే చెప్పుకుంటానని తాతయ్య కోటు, టై వేసుకుని వెంట బయల్దేరాడు. ఆవిడ ముందు కూర్చుని, స్కూల్ ఇన్‌స్పెక్టరుతో మాట్లాడే ఇంగ్లీషులో వన్స్‌మోర్ ఆచారమంతా వివరించాడు. ఆవిడ శ్రద్ధగా విని, అయితే మీ మనవడు అంత బాగా చేశాడన్నమాట అంది. రాజగోపాల్ వినయంగా తల వంచుకున్నాడు.

"లేదండీ, మొదటిసారి ఒక్క ముక్క వినపడలేదు. వినపడకపోతే మీరు మార్కులు వెయ్యరేమోనని భయపడి అరిచాను" అన్నాడు తాతయ్య.

మిస్ హార్లన్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. మొదటి చావుకి సున్నా, రెండో చావుకి పదికి పది అని చెప్పింది. వచ్చే వారం ప్రదర్శనల్లో దూత వేషం ఇంకొకరు వేస్తారని, రాజగోపాల్ తెర వెనక చెక్కలు కొట్టాలని కూడా చెప్పింది. సి వచ్చింది. సీటు దక్కింది. కళాకారుడు మాత్రం ఆ కుర్చీలోనే కన్నుమూశాడు, ఈసారి లేపేవాళ్లు లేరు.

ఇద్దరూ వచ్చి కారెక్కారు. సీటు బెల్టు పెట్టుకుంటూ రాజగోపాల్ ఉండబట్టలేక, రెండోసారైనా బాగుందా తాతయ్యా అని అడిగాడు.

"అదీ అంతంతమాత్రమేరా" అన్నాడు తాతయ్య, అద్దంలోంచి బయటికి చూస్తూ. "కానీ నేనీ దేశం వచ్చిన దగ్గర్నుంచీ ఏం చెప్పినా అలాగే అలాగే అంటారు, ఎవరి పనిమీద వాళ్లు పోతారు. చచ్చిపడి ఉండి కూడా నా మాటకి లేచినవాడివి నువ్వొక్కడివే."

రాజగోపాల్ కారు స్టార్ట్ చేయబోయి ఆగాడు. ఇంటికి ఏ దారిన పోదామో చెప్పమని తాతయ్యని అడిగాడు.