సేనాపతికి ఒక జత జోళ్ళు

చాలా ఏళ్ళుగా నన్నొక అనుమానం వదలడం లేదు. చక్రవర్తి మీద తిరగబడిన సేనాపతి అంత సైన్యంతో షీలో అనే మా పట్నం గోడ దాకా వచ్చి, ఒక్క బాణమైనా వేయకుండా ఎందుకు వెళ్ళిపోయాడు? మా గోడ మట్టిది. దాని మీద రాళ్ళు పట్టుకుని నిలబడింది నాలాంటి గానుగవాళ్ళూ వడ్రంగులూను. ఆయన గట్టిగా దగ్గితే మేం దిగి పారిపోయేవాళ్ళం.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ పేరు పలకకూడదు, రాయకూడదు అని అప్పుడు వచ్చిన ఆజ్ఞ ఇంకా అమల్లోనే ఉంది.

తిరుగుబాటుకు ముందు ఆయన దండు మా పట్నంలోనే ఉండేది. కరువొచ్చిన ఏడాది సైన్యం ధాన్యపు కొట్లు తెరిపించి ఊరందరికీ జొన్నగంజి పోయించాడు. ఆయనకు బదిలీ ఉత్తర్వు వచ్చిందని తెలియగానే జనమంతా పడమటి ద్వారం దగ్గర గుమిగూడారు. మంచి అధికారి వెళ్ళిపోతుంటే బూట్లు విప్పించి ఉంచుకోవడం మా ఆచారం. వాటిని పెట్టెలో పెట్టి ద్వారం కమానుకు వేలాడదీస్తాం. బదులుగా కొత్త జోళ్ళు తొడిగి సాగనంపుతాం. ఆ కొత్త జోళ్ళు కుట్టే పని ఊరిపెద్దలు మా అమ్మకు అప్పగించారు. తీరా ఆయన ప్రయాణం ముందుకు జరిగింది. బూట్లు విప్పే వేళకు ఒక కాలి జోడే తయారైంది. రెండోదానికి ఇంకా అడుగు కూడా అతకలేదు.

"ఒంటి జోడుతో పంపుతావా అక్కా? నేనేమైనా కొంగనా?" అని నవ్వాడాయన.

అమ్మ తల దించుకుంది. "ఒక్క పూట ఆగండి బాబూ, కుట్టేస్తాను."

"నేను ఆగుతాను, చక్రవర్తిగారు ఆగొద్దూ? పోనీలే. ఒక జత బాకీ పడ్డావు, గుర్తుపెట్టుకో."

మేజోళ్ళతోనే గుర్రమెక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆయన్ని చూసింది గోడ మీది నుంచే. ద్వారం ముందు గుర్రం ఆపి, తలెత్తి ఆ పెట్టె వంక కాసేపు చూశాడు. వెనక్కి తిరిగి ఏదో అన్నాడు. సైన్యం ఉత్తరపు దారి పట్టింది. ఆ మరుసటి వసంతంలో ఆయన్ని నది ఒడ్డున చంపేశారని చాటింపు వచ్చింది. కొత్త అధికారి పెట్టె దింపించి బూట్లు తగలబెట్టించాడు. కొక్కెం మాత్రం కమానుకు అలాగే ఉండిపోయింది.

ఆ బూట్లే మనల్ని కాపాడాయని తలుపులు వేసుకున్నాక అందరూ అనేవారు. నాకూ నమ్మాలనే ఉండేది. కానీ చక్రవర్తిని ఆకాశమే నిలబెట్టిందని చిన్నప్పటి నుంచీ విన్నాను, నమ్మాను. గంజి పోసిన చేతిని పంపిందీ ఆకాశమేనని అమ్మ అంటుంది. మరి ఆ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడితే నేను ధూపం ఎటు తిరిగి వెలిగించాలి? ఏడాది చివర పొయ్యిదేవుడు పైకి వెళ్ళి ప్రతి ఇంటి మాటలూ విన్నవిస్తాడు. ఆ ఏడు మా మాటలు పైన చెప్పలేకుండా ఆ దేవుడి మూతికి పాకం మామూలు కంటే మందంగానే పూశాను.

సేనాపతి పోయాక వచ్చిన పదో నెల పాడ్యమినాడు, చనిపోయినవాళ్ళకు చలిబట్టలు కాల్చి పంపే రోజున, అమ్మ ఆ జోళ్ళ జత పూర్తిచేసి పెరట్లో కాల్చింది. బాకీ తీరిందనుకుంది. చాలాకాలం అలాగే అనుకుంది.

నిరుడు చ్యూ మామ మా వీధిలోకి వచ్చాడు. కంచరగాడిదలకు నాడాలు కొడతాడు. ఒకప్పుడు ఆ సేనాపతి దండులో సిపాయి. మామూలు సిపాయిలను క్షమించారు కనుక బతికి బయటపడ్డాడు. మా గానుగ గాడిదకు నాడా వేస్తుంటే అమ్మ జోళ్ళ సంగతి చెప్పింది.

"మూట మీద పేరు రాశారా వదినా?"

"ఆ పేరెలా రాస్తాం? తలలు ఎగిరిపోవూ?"

చ్యూ మామ సుత్తి కింద పెట్టాడు. "అయితే ఆయనకి అందలేదు. ఆ ఒడ్డున మావాళ్ళు వందలమంది ఉత్తికాళ్ళతో చచ్చారు. పేరు లేని మూట దిగితే ఊరుకుంటారా? మా దళంలో ఒకడుండేవాడు, పక్కవాడి జోళ్ళలో కాళ్ళు పెట్టుకునే నిద్రపోయేవాడు. వాడే కొట్టేసుంటాడు."

నాకు నవ్వొచ్చింది. అమ్మ మాత్రం నవ్వలేదు.

"మామా, ఆ రోజు ఆయన మా ఊరు వదిలి ఎందుకు వెళ్ళాడు?" అని అడిగాను.

"ఉత్తరాన రేవులో నీళ్ళు తగ్గాయని కబురొచ్చింది. అందుకే అనుకున్నాం."

"పెట్టె వంక చూసి ఏదో అన్నాడుగా?"

"అన్నాడు. 'అవి నావే. వీళ్ళు నాకింకా ఒక జత బాకీ. ఊరు తగలబెడితే ఎవరిస్తారు?' అన్నాడు. అందరం నవ్వాం. రేవు కోసమో, జోళ్ళ కోసమో ఆయనకే తెలియాలి."

"అసలు తిరగబడడం దేనికి?"

"రాజధానికి రమ్మని పిలుపొచ్చింది. అంతకుముందు అలా వెళ్ళిన సేనాపతులెవరూ తిరిగి రాలేదు. వెళ్తే తల పోతుంది, వెళ్ళకపోతే పేరు పోతుంది అన్నాడు. చివరికి రెండూ పోయాయి. కాలెత్తవే దొంగ గాడిదా."

ఆ సాయంత్రమే అమ్మ పాత బట్టలు చింపి, కొత్త జోళ్ళ అడుగుల కోసం గంజితో పొరలు అతకడం మొదలుపెట్టింది. ఆమె చూపు అప్పటికే మసకబారింది. సూదిలో దారం నా భార్య ఎక్కించి ఇచ్చేది, కుట్టు మాత్రం అమ్మ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

"కాగితం జోళ్ళు కొని కాలుద్దామే అమ్మా. అందరూ చేసేది అదేగా."

"నీకు కాగితం జోళ్ళు తొడిగి మంచులోకి తోలనా? రేపో మాపో నేనూ అక్కడికే పోతాను. ఎదురుపడి 'ఏవక్కా, నా జోళ్ళు?' అంటే ఏం చెప్పను? నా కొడుక్కి భయమేసింది బాబూ అని చెప్పనా?"

జోళ్ళు శరదృతువుకు పూర్తయ్యాయి. ఇంక మిగిలింది నా వంతు. ఇంట్లో నాలుగు అక్షరాలు రాయగలిగింది నేనొక్కణ్ణే. మూట ముందు కుంచె పట్టుకుని కూర్చున్నాను. ఆజ్ఞ మీరడం నా చేత కాదు. పేరు లేకుండా పంపితే ఈ జత కూడా ఎవడి కాళ్ళకో పోతుంది, ఇంకో జత కుట్టే చూపు అమ్మకు లేదు. గుడికి వెళ్ళి కరుణామాత ముందు దండం పెట్టుకున్నాను. ఏమీ తోచలేదు. తిరిగి వస్తూ పడమటి ద్వారం కింద ఆగి తలెత్తితే కొక్కెం కనబడింది. ఆయన బూట్ల తర్వాత అక్కడ ఇంకెవరివీ వేలాడలేదు.

ఇంటికి వచ్చి రాశాను: షీలో పడమటి ద్వారం దగ్గర బూట్లు విప్పి ఇచ్చి, మేజోళ్ళతో గుర్రమెక్కిన వారికి. పంపినది, ఒక జత బాకీ ఉన్న అక్క.

చదివి వినిపించాను. అమ్మ ఆలోచించింది. "ఇంకెవరైనా మాదేనని అడుగుతారంటావా?"

"ఎలా అడుగుతారమ్మా?"

పదో నెల పాడ్యమినాడు పొద్దు వాలుతుండగా పెరట్లో సున్నంతో గిరి గీసి మూట అంటించాం. చ్యూ మామ కూడా వచ్చి టోపీ తీసి నిలబడ్డాడు. గుడ్డ ఇట్టే కాలిపోయింది, పొరల అడుగులు మాత్రం చాలాసేపు రాజుకుంటూనే ఉన్నాయి. అమ్మకు మంట సరిగా ఆనడం లేదు.

"రెండూ కాలాయా?" అని అడిగింది.

"ఎడమది అయింది. కుడిది ఇంకా ఉంది."

"ఉండనీ. ఈసారి రెండూ కలిపే పంపాలి."

బూడిద చల్లారేదాకా ముగ్గురం అక్కడే నిలబడ్డాం.