మెడ పట్టుకొని పాడే పాట

సకల జనుల సమ్మె మొదలైన పదో రోజున మేం జనగామకు బయలెల్లినం. బస్సులు డిపోల్లనే ఉన్నయి. బడులు మూసి ఉన్నయి. అందుకే బడిపంతులు శ్రీపాల్ సారుకు తీరిక దొరికింది. ఎనిమిది మందిని జమచేసి, ఒక డీసీఎం వ్యాను మాట్లాడి, జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడు సభలు ఒప్పుకున్నడు. ఆ ఎనిమిది మందిల నేనొకదాన్ని. నా బిడ్డ కమ్లీ బిడ్డ పూజ ఒకతి, అమ్మమ్మనని నన్ను నానీ అంటది. మాది మరిపెడ దిక్కు తండా.

నా అసోంటి ముసలిదాన్ని ఎందుకు పిలిచిండో చెప్త. మా లంబాడోళ్ల పెండ్లిల్ల, పెండ్లిపిల్ల అత్తగారింటికి పోయే ముందు తల్లి మెడ, తండ్రి మెడ, తోడబుట్టినోళ్ల మెడ పట్టుకొని ఒక్కొక్కరికి చెప్పుకుంట, ఏడ్చుకుంట పాడుతది. దాన్ని ఢావ్లో అంటం. పాడేది పోయే మనిషి. ఏడ్చేది ఉండే మనుషులు. తండాల ఆడపిల్లలకు ఆ పాట నేర్పేదాన్ని నేనే. నేర్పేటప్పుడు చేతులు ఒళ్లె పెట్టుకొని దూరం దూరం కూసుంటం. మెడ మీద చెయ్యి పడ్డదంటే అది నేర్చుకునుడు కాదు, పోవుడే.

పోయిన ఎండకాలం శ్రీపాల్ సారు మా తండాల పెండ్లికి వచ్చి ఆ పాట విన్నడు. తెలంగాణ కోసం పానం తీసుకున్న పిల్లల యాదిల దాన్ని సభల్ల పాడాలె అన్నడు. "ఒక్క మాట సమజ్ గాలె సక్రవ్వా, అయినా కండ్లకు నీళ్లొచ్చినయి" అన్నడు. పిల్లలకు నేర్పినట్టే మెడ పట్టుకోకుండ పాడొచ్చు గదా అనుకొని సరే అన్న.

జనగామల ట్రాక్టర్ డబ్బానే స్టేజీ చేసిండ్రు. మైకు ముంగట నిలబడి నోరు తెరిచిన. గొంతు రాలే. ఎదురుంగ అంత జనం ఉండంగ చేతులు ఎక్కడ పెట్టుకోవాల్నో తెలువలే. నా గోస చూసి పూజ దగ్గరికి వచ్చింది. రెండు చేతులు నా మెడ చుట్టూ ఏసి, "నేను పాడుత నానీ, నువ్వు ఊకె నిలబడు" అని మొదటి మాట అందుకోబోయింది.

టక్కున దాని నోరు మూసిన. మైకుల నా గాజుల చప్పుడు పెద్దగ వినబడ్డది. కింద జనం నవ్విండ్రు. మాతోని వచ్చిన డప్పు భిక్షపతి తెలివిగల్లోడు, ఎంటనే డప్పు అందుకొని ఇంకో పాట ఎత్తిండు.

వ్యాను ఎక్కినంక ఆయన ఊకుంటడా? "అవ్వా, తెలంగాణోళ్ల నోరు పోలీసోళ్లు మూస్తరనుకున్న. నువ్వే మూయబడితివి!"

అందరు నవ్విండ్రు. పూజ మొఖం తిప్పుకొని బయటికి చూసుకుంట కూసుంది.

నా భయం ఎవరికి చెప్పాలె? కమ్లీ నా మెడ పట్టుకొని పాడి అత్తగారింటికి పోయింది. అక్కడ కూడా నిలువలే. పూజ రెండేండ్ల పిల్లప్పుడు, దాన్ని నా దగ్గర ఇడిచి పెనిమిటితోని భివండికి కూలికి పోయింది. ఎవరితోనో రాయించి జాబులు పంపేది. నా బిడ్డ మాటలు ఇంకొకరు చదివి చెప్తె వినబుద్ధి కాకపోయేది. పూజ బడికి పోబట్టినంక దాని ఒకటో తరగతి పుస్తకం ముంగటేసుకొని అక్షరాలు నేర్చుకున్న. నాకు కూడబలుక్కొని చదువుడు వచ్చేనాటికి జాబులు రావుడే బందయింది. ఇప్పుడు తొవ్వల ఏ బోర్డు కనబడ్డా చదువుత. చదువకుంటే పానం నిమ్మలం ఉండదు.

మానుకోట పోంగ పెద్దవంగర కాడ రోడ్డుకు అడ్డంగ రాళ్లు పెట్టి ఉన్నయి. నడి రోడ్డు మీద పొయ్యిలేసి వంటావార్పు చేస్తున్నరు. ఒక పిలగాడు చెయ్యి అడ్డం పెట్టిండు.

"బండ్లు పోవద్దు."

"అరె, మేం తెలంగాణ పాటలు పాడనీకే పోతున్నం తమ్మీ" అన్నడు భిక్షపతి.

"అయితే ఈడ పాడుండ్రి. తినుండ్రి. తర్వాత పోదురు. తెలంగాణ మానుకోటల్నే ఉన్నదా, మాకాడ లేదా?"

దిగి నాలుగు పాటలు పాడినం. అన్నం, వంకాయ కూర ఇస్తరాకుల పెట్టిండ్రు. శ్రీపాల్ సారు నా పక్కన కూసొని నెమ్మదిగ చెప్పిండు.

"సక్రవ్వా, నిన్ను ఒత్తిడి చేసుడు లేదు. కని భూపాలపల్లిల రాజమణి అని ఒకామె ఉన్నది. పెనిమిటి బొగ్గుబాయిల పనిచేస్తడు. కొడుకు రంజిత్ తెలంగాణ కోసమని పానం తీసుకొని ఎనిమిది నెలలాయె. అప్పటి సంది ఆమె ఏ సభకు రాలే. 'మీ పాటలు నాకెందుకు సారూ, వాడు నాతోని ఒక్క మాట చెప్పకుండ పోయిండు' అన్నది. పోయేటోళ్లు అందరికి చెప్పి పోయే పాట ఒకటి ఉన్నదని నేనన్న. 'అది వినిపిస్తె వస్త' అన్నది."

చేతుల ముద్ద చేతులనే ఉన్నది. ఆమెకు మాట ఇచ్చింది సారే అయినా, పాట నా దగ్గర ఉన్నది.

మానుకోటకు చేరేసరికి సభ మొదలుపెట్టే టైమ్ అయింది. భిక్షపతి స్టేజీ వెనుక గడ్డి అంటుపెట్టి డప్పు కాపుతున్నడు. పూజ వచ్చి నా ముంగట నిలబడ్డది.

"భూపాలపల్లిల నేను పాడుత. ఆమె వస్తదట గదా."

"వద్దు."

"పాట పాడితె మనుషులు పోతరా నానీ?"

"నీ అమ్మ పాడి పోలేదా?"

"అమ్మ పని లేక పోయింది. పాటకు పోలే."

అది చెప్పింది నిజమే. నిజం తెలిస్తె భయం పోవాలె. పోలే.

మా లొల్లి విని భిక్షపతి తల ఎత్తిండు. "ఏంది అవ్వా, ఆ పాట పడుచుపిల్లలే పాడాల్నా?"

"పోయేటోళ్లు పాడాలె."

"మరి నీకన్న ముందుగాల పోయేటోళ్లు ఈ బండిల ఎవరున్నరు?"

"భిక్షపతీ!" అని శ్రీపాల్ సారు కసిరిండు. పూజ అయితే కొట్టనీకే చెయ్యి లేపింది. ఆయన డప్పు అడ్డం పెట్టుకొని నవ్వుకుంట ఉరికిండు. నాకు కోపం రాలే. ఆ రోజు మానుకోట సభల ఏమేం పాడిండ్రో నాకు సరిగ యాదికి లేదు. ఆ మాటనే తిప్పి తిప్పి చూసుకుంట కూసున్న.

తెల్లారి ములుగు మీదికెల్లి భూపాలపల్లి చేరినం. బాయి పనోళ్లు సమ్మెల ఉన్నరు. పని బట్టలు కాకుండ ఉతికిన అంగీలేసుకొని రోడ్ల మీద తిరుగుతున్నరు. పగటిపూట సభ. రాజమణి ముందల చాప మీద కూసుంది. సారు చూపియ్యకున్నా గుర్తుపట్టేదాన్ని. పాటకు చప్పట్లు కొట్టకుండ, లేచి పోకుండ, ఎదురుచూసుకుంట ఉన్నది.

నా వంతు వచ్చింది. పూజ చెయ్యి పట్టుకొని మైకు కాడికి తీసుకపోయిన.

"నువ్వు నోరు తెరువొద్దు. ఉండేదానివి నువ్వు. పోయేదాన్ని నేను" అన్న.

దానికి సమజ్ అయ్యేలోపల్నే రెండు చేతులు దాని మెడ చుట్టూ ఏసిన. నా పెండ్లిల పాడిన పాట, మళ్ల నలభై ఏడేండ్లకు మెడ పట్టుకొని పాడిన. గొంతు గీరుకపోయింది కని ఆగలే. ఈ ఇంట్ల తిన్న తిండి మర్వనన్న. పాడిపశువు నిండుగ ఉండాలన్న. పొద్దుగూకంగనే దీపం పెట్టుమన్న. వాకిట్ల నిలబడి నా కోసం చూడొద్దన్న. పూజ "ఆపు నానీ, ఆపు" అని చెవుల చెప్పింది. నేను చివరిదాక పాడిన.

పాట ఒడిసినంక రాజమణి లేచి వచ్చింది. స్టేజీ అంచుకు చెయ్యి ఆనిచ్చి నిలబడ్డది.

"ఏమన్నవ్ అవ్వా పాటల?"

వంగి ఒక్కొక్క మాట తెలుగుల చెప్పిన. ఆమె ప్రతి మాటకు తల ఊపింది. దీపం మాట కాడ కండ్లు మూసుకుంది.

"మా రంజిత్ ఇదంత అనెటోడేనా?"

"జర ఆగి ఉంటె అనెటోడే బిడ్డా."

ఆమె కొంగుతోని మొఖం తుడుసుకుంది. "ఇంకో పాట పాడుండ్రి. వింట" అని పోయి తన జాగల కూసుంది.

వాపసు వచ్చేటప్పుడు పూజ నన్ను ఆనుకొని కూసుంది. ములుగు రాకముందే మూడుసార్లు అడిగింది, ఛాతి నొస్తుందా, తల తిరుగుతుందా, నీళ్లు తాగుతవా అని.

"ఎందుకు పరేషాన్ అవుతవ్ పూజా?" అన్నడు భిక్షపతి. "అవ్వ పోదామన్నా బస్సులు నడుస్తలేవు. దేంట్ల పోతది?"

నేను గట్టిగనే నవ్విన. పూజ నవ్వలే. నా ముంజేయి పట్టుకున్నది ఇడువలే. గాజులు ఒత్తుకొని నొప్పి లేసింది. చెప్తె ఇడిచిపెడుతదేమో అని చెప్పలే.