పెట్టెలో పొత్రం

కుంకుమ ఒకసారి చెక్క గీతల్లోకి దిగిందంటే సబ్బుకు రాదు, ఉప్పుకు రాదు, పళ్ళు తోమే బ్రష్షుతో అరగంట రుద్దినా రాదు. పోయినట్టే ఉంటుంది. వెలుతురులో తిప్పి చూస్తే మళ్ళీ ఎర్రగా కనబడుతుంది. అర్దియాలోని ఆ ఇంటి వంటగదిలో, సింకు పక్కన నిలబడి, సిద్ధమ్మ తన యజమాని బాబా పిస్తోలు పెట్టెను అలాగే తిప్పి తిప్పి చూస్తూ ఉంది.

"రుద్దింది చాలు," అంది వెనకనుంచి ఇంటి యజమానురాలు మామా. "యల్లా, తీసుకుపోయి నీ ట్రంకులో పెట్టుకో."

ఇరాకీ సైన్యం కువైట్‌లోకి వచ్చి రెండు వారాలైంది. వీధి తర్వాత వీధి సోదా చేసుకుంటూ వస్తున్నారు. ఆయుధం దొరికిన ఇంట్లో వాళ్ళను గోడకు నిలబెట్టి కాల్చేస్తారని అందరూ చెప్పుకుంటున్నారు. నిజమో అబద్ధమో కనుక్కోవడానికి ఎవరికీ ధైర్యం లేదు.

"హిందీ వాళ్ళ పెట్టెలు వాళ్ళు వెతకరు," అంది మామా. కువైట్‌లో ఇండియా వాళ్ళను హిందీలంటారు. "మీమీద వాళ్ళకు కోపం లేదు."

"వెతికితే, మామా?"

"వెతకరన్నాను కదా."

"వెనక మురికి గుంతలో పారేద్దాం మామా. మూత ఎత్తితే పోతుంది."

మామా మొహం పాలిపోయింది. "పారేస్తే ఆయన వచ్చి ఎవర్ని అడుగుతాడు? నిన్నా? నన్ను."

బాబా ఎక్కడున్నాడు? జూలైలోనే స్నేహితులను వెంటేసుకుని యూరప్‌లో ఏదో చల్లని ఊరికి పిస్తోళ్ళ పోటీలు చూడడానికి పోయాడు. అక్కడే ఉండిపోయాడు. మంచాన పడ్డ తల్లిని వదల్లేక మామా ఇక్కడ చిక్కుకుంది. ఆయన ఆటవస్తువుకు ఇద్దరు ఆడవాళ్ళు తమ ప్రాణాలు కాపలా పెట్టారు. ఒకామె మొగుడికి భయపడి, ఒకామె ఆమెకు భయపడి. ఇందులో వింతేమీ ఉన్నట్టు ఇద్దరికీ తోచలేదు.

"సరే మామా," అంది సిద్ధమ్మ.

ఆ మాట నోట్లోనుంచి వచ్చాక గానీ, తాను దేనికి సరే అందో ఆమెకు తెలియదు. ఎప్పుడూ అంతే. రాయచోటి దగ్గర పల్లెలో పుట్టి, పెళ్ళయ్యాక అత్తకు సరే, మొగుడికి సరే, ఇక్కడికొచ్చాక మామాకు సరే. బయలుదేరే రోజు అత్త చెప్పి పంపిన మాట కూడా అదే దారిలోది. "ఆడ ఎవరేమన్నా నవ్వుతా ఉండు మే. మొగం ముడుచుకుంటే పని పోతాది." నాలుగేళ్ళుగా సిద్ధమ్మ నవ్వుతూనే ఉంది. దవడలు నొప్పిపుట్టేలా నవ్వుతోంది.

బాబాకు గురి కొట్టడం సరదా. చలికాలం ప్రతి శుక్రవారం ఎడారిలో గుడారం వేస్తారు. స్నేహితులు వస్తారు. అట్టలమీద నల్ల గుండ్రాలు గీసి, కర్రలకు కట్టి, దూరంగా నిలబెట్టి కాలుస్తారు. ఎవరు నడిమి గుండ్రంలో కొడితే వాళ్ళకు చప్పట్లు. అది ఆయన సరదా. ఆ సరదా వెనక చాకిరీ ఎవరిది? తెల్లవారుజామునే లేచి మాంసం ఉడికించింది సిద్ధమ్మ. అట్టలు కట్టింది సిద్ధమ్మ. ఇసకలో పడ్డ ఖాళీ తూటాలు ఒక్కొక్కటే ఏరింది సిద్ధమ్మ. ఇంటికొచ్చాక సన్నని కడ్డీకి గుడ్డ చుట్టి, పిస్తోలు గొట్టంలో తిప్పి, మసి తీసి, నూనె రాసి, పెట్టెలో పడుకోబెట్టింది సిద్ధమ్మ. బాబా చేతికి నూనె అంటేది కాదు. పోటీల్లో గెలిచిన కప్పులు మాత్రం ఆయన గదిలో అద్దాల బీరువాలో ఉండేవి. వాటిమీద దుమ్ము తుడిచేది కూడా ఈమే. జీతం మాట్లాడుకున్నది ఇల్లు తుడవడానికి, వంటకు. శుక్రవారం సెలవన్నారు. గురి కొట్టేవాడికి శుక్రవారమే సెలవు కాబట్టి ఈమెకు సెలవు లేదు.

పోయిన దసరాకు ఆమె ఒక తప్పు చేసింది. తప్పని అప్పుడు తెలియదు. ఆయుధ పూజనాడు పనిముట్లకు బొట్టు పెట్టకుండా ఏ ఇంట్లో ఉంటారు? కత్తిపీటకు పెట్టింది, ఇస్త్రీపెట్టెకు పెట్టింది, చీపురుకు పెట్టింది. ఊరినుంచి తెచ్చుకున్న పిడికెడంత నల్లరాతి పొత్రానికి పెట్టింది. కారం నూరేది దాంతోనే. చివరికి పిస్తోలు కంటబడింది. వారం వారం కడిగి తుడిచేది తానే గదా, అది కూడా తన పనిముట్టే గదా అనుకుంది. పెట్టె మూతకు పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టి, దణ్ణం పెట్టుకుంది. ఏమని మొక్కుకుందంటే, ఎవరికీ తగలకుండా చూడు తల్లీ అని.

బాబా తిట్టలేదు. తిట్టినా బాగుండేది. శుక్రవారం గుడారంలో ఆ పెట్టెను అందరికీ చూపించి, "మా హిందీది నా పిస్తోలుకు పెళ్ళి చేసింది," అన్నాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ తర్వాత నాలుగు వారాలకు గాలి ఎక్కువై అట్ట కర్ర నిలవలేదు. రెండుసార్లు పడిపోయింది. మూడోసారి బాబా అన్నాడు: "సిద్ధీ, నువ్వే పట్టుకో. చెయ్యి పక్కకు చాపి పట్టుకో. నీ దేవుడి బొట్టు ఉంది కదా, నీకు తగలదు."

సిద్ధమ్మ సరే అంది.

అట్ట పట్టుకుని నిలబడింది. చెయ్యి చాపి, మొహం అవతలికి తిప్పుకుని. ఎదురుగా ఎనిమిదిమంది మగవాళ్ళు, గుడారం వాకిట్లో మామా. పేలింది. అట్ట చేతిలో అదిరింది. రెండోసారి పేలకముందే కాళ్ళ మధ్య వేడిగా జారడం తెలిసింది. పొడవాటి గౌను లోపల, కాళ్ళమీదుగా, చెప్పుల్లోకి. ముప్పై రెండేళ్ళ మనిషి, ఇద్దరు బిడ్డల తల్లి, చంటిపిల్లలా పోసుకుంది. మూడోది పేలాక చప్పట్లు కొట్టారు. సిద్ధమ్మ నవ్వింది. నవ్వుతూ నీళ్ళ డబ్బా దగ్గరికి నడిచి, ఎత్తబోయి జారినట్టు నటించి, డబ్బా మొత్తం మీద ఒంపుకుంది. "చూడు, గాడిద," అన్నాడెవరో. దానికీ నవ్వింది.

పోసుకున్నందుకు కాదు ఆమెకు సిగ్గు. నవ్వినందుకు. రోజూ గిన్నెలు తోముతుంటే గుర్తొస్తుంది. బట్టలు పిండుతుంటే గుర్తొస్తుంది. చంపబోయినవాళ్ళతో కలిసి నవ్వాను గదా అని, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా మొహం కొంగులో దాచుకుంటుంది.

మొగుడు గురప్పది ఈ అర్దియాలోనే కారు షెడ్డులో పని, పక్కనున్న ఫర్వానియాలో ఎనిమిదిమందితో ఒక గది. పదిహేను రోజులకోసారి వెనక గేటు దగ్గర పావుగంట కలిసేవాడు. నిలబెట్టి కాల్చారని అతనికి చెప్పింది. తడిసిన సంగతి చెప్పలేదు. గురప్ప బీడీ ఆర్పి, "తగల్లేదు గదా?" అన్నాడు. "తగల్లేదు." "మరింకేంది. పెద్దింట్లో ఉండావు, సర్దుకోని పో." అంతటితో అతనికి ఆ మాట ఖలాస్.

ఇప్పుడు పెట్టె ట్రంకులోకి చేరిన సాయంత్రమే గురప్ప వెనక గేటు దగ్గరికి వచ్చాడు. చెమటతో చొక్కా ఒంటికి అంటుకుంది.

"ఎల్లుండి తెల్లారి ఫర్వానియా నుంచి బస్సు పోతాంది. ఇరాక్ మీదుగా జోర్డాన్‌కు. ఆడినుంచి మనోళ్ళు విమానం పంపిస్తారంట. పాస్‌పోర్టు ఉంటేనే ఎక్కించుకుంటారు."

"నాది మామా బీరువాలో ఉంది."

"అడుగు. మెల్లగా అడుగు. కాళ్ళు పట్టుకో."

"ఇయ్యకపోతే?"

గురప్ప గేటు ఊచ గీకుతూ నిలబడ్డాడు. "ఇయ్యకపోతే నేను ముందు పోతా. నువ్వు యనక రా. ఇద్దరమూ ఈడ చచ్చి ఏం లాభం."

పాపం, నిజమే చెప్పాడు. నిజం చెప్పేటప్పుడు ఆమె కళ్ళలోకి చూడలేదు, అంతే.

ఆ పూటే సిద్ధమ్మ మామాను అడిగింది. మామా తల్లికి పక్క గుడ్డలు మారుస్తుంటే, అంటే సిద్ధమ్మ మారుస్తుంటే మామా గుమ్మంలో నిలబడి చూస్తుంటే, అడిగింది.

"బాదైన్," అంది మామా. తర్వాత అని. "నువ్వు పోతే అమ్మను ఎవరు చూస్తారు? నేనొక్కదాన్నే ఎట్లా ఉంటాను? నిన్ను చెల్లెలిలా చూసుకున్నాను కదా."

చెల్లెలి ట్రంకులో ఎవరైనా పిస్తోలు దాస్తారా అని సిద్ధమ్మ అడగలేదు. "సరే మామా" అనే అంది. తన గదిలోకి వచ్చి, తలుపు గడియ పెట్టి, చెంపమీద తనే కొట్టుకుంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, మామా నిద్రపోతుండగా, ట్రంకు తెరిచింది. పిస్తోలు చేతిలోకి తీసుకుంది. ఎన్నిసార్లు తుడిచిందో, కళ్ళు మూసుకుని విప్పి బిగించగలదు. తూటాలు ఎలా పెట్టాలో తెలుసు. గోడ అద్దంలో తన మొహానికి ఎదురుగా పట్టి చూసింది. అప్పుడొక ఆలోచన వచ్చింది: దీన్ని పట్టుకుని మామా గదిలోకి పోతే పాస్‌పోర్టు నిమిషంలో వస్తుంది. చాపిన చెయ్యి ఎదురుగా మామా నిలబడి ఉన్నట్టు, మామా గౌను తడుస్తున్నట్టు కనబడింది. ఆ బొమ్మ ఆమెకు బాగుంది. బాగుందని తెలిసి ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది. వాళ్ళ గిన్నెలు తోమి తోమి నేనూ వాళ్ళలాగే అయినానా అనుకుంది.

పెరట్లోకి పోయి, మురికి గుంత ఇనప మూత పక్కకు లాగి, పిస్తోలును, తూటాల డబ్బాను లోపలికి వదిలేసింది. బుడుంగుమంది. అంతే. బీరువాలో కప్పులు కూడా గుర్తొచ్చాయి గానీ, వాటికి తీరిక లేదు.

ఖాళీ పెట్టె తేలిగ్గా ఉంటే మామా కనిపెడుతుంది. బరువుకు పొత్రం పెట్టింది. పెట్టాక, ఉత్త రాయిగా ఎందుకుండాలని పసుపు రాసి బొట్టు పెట్టింది.

సైనికులు ఆ సాయంత్రమే వచ్చారు. ముగ్గురు. ఇల్లంతా తిరిగారు, పరుపులు ఎత్తారు, కప్పులు చూశారు. "ఇవి దేనికిచ్చినవి?" అంటే మామా సిద్ధమ్మవైపు చూసింది. "పరుగు పందేలవి," అంది సిద్ధమ్మ. ఎక్కడినుంచి వచ్చిందో ఆ అబద్ధం ఆమెకే తెలియదు. హిందీ వాళ్ళ పెట్టెలు వెతకరని మామా చెప్పింది కదా. నేరుగా ట్రంకు దగ్గరికే పోయారు. చీరలు తీసి పక్కన పడేసి, చెక్కపెట్టె బయటికి తీశారు. మామా గుమ్మం దాటి లోపలికి రాలేదు.

మీసం కూడా సరిగ్గా రాని సైనికుడు మూత ఎత్తాడు. పసుపూ, కుంకుమా, నల్లరాయి.

"ఏమిటిది?"

"నా దేవుడు."

వాడు మూత వేసి, వేళ్ళు ప్యాంటుకు తుడుచుకున్నాడు. మంచినీళ్ళు అడిగాడు. ముగ్గురూ తాగి వెళ్ళిపోయారు.

మామా నేలమీదే కూర్చుంది. లోపల ఏముందో గుమ్మంలోనుంచి ఆమెకు కనబడలేదు. నీ దేవుడు వాళ్ళ కళ్ళు కప్పాడంది. సిద్ధమ్మ నుదుటిమీద ముద్దు పెట్టింది. కన్నీళ్ళు తుడుచుకుని చెయ్యి చాపింది.

"పెట్టె ఇవ్వు. నా గదిలో పెడతాను. ఇంక రారు."

సిద్ధమ్మ పెట్టెను ఒళ్ళో పెట్టుకుంది. "నా పాస్‌పోర్టు, మామా."

"చెప్పాను కదా, బాదైన్."

"బాదైన్ కాదు. రేపు తెల్లారే బస్సు."

మామా పెట్టెవైపు చూసింది, సిద్ధమ్మ చేతులవైపు చూసింది. ఆమె కళ్ళలో భయం పుట్టడం సిద్ధమ్మకు తెలిసింది. మామా లేచిపోయి, పాస్‌పోర్టు తెచ్చి, దగ్గరికి రాకుండా మంచం కొసన పెట్టింది.

సిద్ధమ్మ దాన్ని ముట్టుకోలేదు. ముందు పెట్టె తెరిచి చూపించింది. "భయపడొద్దు. పిస్తోలు లేదు. మధ్యాహ్నమే గుంతలో పారేసినాను."

మామా వంగి రాయిని చూసింది. "ఆయన వస్తే నేనేం చెప్పాలి?"

"సిద్ధమ్మ పారేసిందని చెప్పు. ఎందుకంటాడు. ఆ శుక్రవారం అట్ట పట్టుకోని నిలబడినప్పుడు గౌనులోనే పోసుకుంది, అందుకని చెప్పు."

చెప్పేసింది. గోడలు కూలలేదు.

మామా తల వంచుకుంది. "నాకు తెలుసు," అంది. "డబ్బా నువ్వు కావాలనే ఒంపుకున్నావు. చూశాను."

"చూసి?"

ఇన్నాళ్ళూ సిద్ధమ్మ ఒక్కతే మోసిన సిగ్గు, ఇప్పుడు ఎదురుగా ఇంకొకామె మెడ వంచింది. సిద్ధమ్మ పాస్‌పోర్టు తీసి జాకెట్టులో దోపుకుంది. పొత్రాన్ని తువ్వాలులో చుట్టుకుంది. పెట్టె అక్కడే తెరిచి వదిలేసింది.

"మరి అమ్మను..." అంది మామా.

సరే అనే మాట నాలుక చివరికి వచ్చింది. మింగేసింది. "పొద్దున మాత్ర ఎనిమిదింటికి. పక్క తిప్పేటప్పుడు నడుము కింద చెయ్యి పెట్టాల, లేకుంటే పుండ్లు పడతాయి. గుడ్డలు నానబెట్టి ఉతుకు, మామా."

ట్రంకు వదిలేసి, తువ్వాలు మూట ఒక్కటే చంకలో పెట్టుకుని వెనక గేటు తీసింది. ఫర్వానియా గదిలో గురప్ప ఉంటాడు. ఇంతదాకా చెప్పకుండా దాచిన ముక్క అతనికీ చెప్పాలి. తగల్లేదు గదా అంటాడు మళ్ళీ.

తగిలిందని చెప్పాలి.