టైపు మేష్టారి కారుకు పంపు

నిదానం మేస్త్రీ కొత్త పంపు గొట్టం మీద బొటనవేలు అదిమిపెట్టి, కిందున్న ఇనప చేతిని నొక్కి వదిలాడు. గొట్టం వేలి చర్మాన్ని లోపలికి పీల్చుకుంది. ఆ పట్టు ఎంతసేపు నిలుస్తుందో కళ్ళు మూసుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. కౌంటరు అవతల డబ్బాల బావ తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తున్నాడు. వాళ్ళిద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. నలభై ఏళ్ళుగా ఒకడు పాత కార్ల సామాను అడగడం, ఇంకొకడు అటక మీంచి డబ్బాలు దింపడం. ఆ దింపుళ్ళలో ఎప్పుడో ఒకరినొకరు బావా అనుకోవడం అలవాటైపోయింది.

పాతిక దాటాక మేస్త్రీ వేలు తీశాడు. టప్పున ఊడింది.

"నీ లెక్క అయ్యేసరికి నా కట్టుడు పళ్ళు కూడా ఊడేట్టున్నాయి బావా."

మేస్త్రీ రెండో పంపు అందుకున్నాడు. అది ఏ తుక్కు కారులోంచో విప్పి తెచ్చింది. పీల్పు బాగానే ఉంది గానీ, బోల్టు కన్నం పక్కన వెంట్రుకంత పగులు. గోరుతో గీస్తే తగిలింది. పక్కన పెట్టేశాడు. ఇక కొత్తదే గతి. సంచిలోంచి చెడిపోయిన పంపు తీసి కొత్తదాని పక్కన నిలబెట్టాడు. కొత్తదాని చేయి గోరు మందాన పొడుగు.

ఆ చేయి ఇంజను లోపల తిరిగే గుబ్బను తాకుతూ ఆడితేనే ట్యాంకులోంచి పెట్రోలు వస్తుంది. పొడుగైతే గుబ్బ దాన్ని తాకడంతో సరిపెట్టదు, కొడుతుంది. అందుకే పంపుకూ ఇంజనుకూ మధ్య మందపాటి ప్యాకింగు అట్ట వేసి, చేతిని ఆ గోరు మందమంతా వెనక్కి జరపాలి.

"పల్చటిది వేస్తే ఎన్నాళ్ళు ఆగుతుంది?" అని అడిగాడు మేస్త్రీ.

డబ్బాల బావ గుడ్డ ఆపి చూశాడు. దానికి జవాబు చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే.

"మూడు నెలలు. మహా అయితే నాలుగు. తర్వాత చేయి విరుగుద్ది. నీకు నేను చెప్పాలా?"

మేస్త్రీ పల్చటిదీ మందపాటిదీ రెండూ చొక్కా జేబులో వేసుకున్నాడు.

మేస్త్రీ షెడ్డు రెండు వీధుల అవతల. అందులో ఉన్నది ఒక్కటే బండి, టైపు మేష్టారి కారు. మేష్టారు టైపు నేర్పే బడి నడిపేవాడు. బండికి జబ్బున్నా లేకపోయినా ప్రతి ఆదివారం తెచ్చేవాడు. బానెట్ ఎత్తి పెట్టి ఇద్దరూ చెరో పీట మీద కూర్చుని, ఇంజను మాట వింటూ పూట గడిపేసేవాళ్ళు. మేస్త్రీకి నిదానం అని పేరు పెట్టింది కూడా ఆయనే. కిందటేడు ఆయన పోయాక, ఇంట్లో అంత చోటు లేదని ఆయన భార్య బండిని షెడ్డులోనే ఉంచమంది. మిగతా బండ్లు ఒక్కొక్కటిగా రావడం మానేశాయి. కొత్త కార్లకు రోగమేమిటో కంప్యూటరు చెబుతుంది, చెవి పెట్టి వినేవాడితో వాటికేం పని?

మేస్త్రీ భార్య పోయి పదకొండేళ్ళు. రోజూ ఒంటిగంటకు చెల్లెలు ఫోన్ చేసి తిన్నావా అన్నయ్యా అంటుంది. తిన్నానని చెప్పి, అప్పుడు క్యారేజీ విప్పుతాడు. తినడం కారు పక్కనే. పొద్దున ఇంజను తిప్పి, అది వేడెక్కేదాకా దానితో ఊరి సంగతులన్నీ చెబుతాడు. ఈ సంగతి చెల్లెలికి కూడా తెలియదు.

ఇప్పుడు మేష్టారి భార్య బండి అమ్మేస్తోంది. కొనేవాడిది కొండ అవతలి ఊరు, కళ్ళజోళ్ళ దుకాణం. ఈ రోజే నాలుగింటికి వస్తానన్నాడు. సరిగ్గా వారం ముందు పంపులో రబ్బరు పొర చిరిగి పెట్రోలంతా ఇంజనాయిల్లోకి దిగింది.

మేస్త్రీ షెడ్డుకొచ్చి ఆయిలు మార్చాడు. కారు కిందికి దూరి, పాత ప్యాకింగు అంటు గీకాడు. జేబులో చేయి పెట్టాడు. వేళ్ళకు రెండూ తగిలాయి. కొండ అవతలంటే మూడు గంటల దారి. చేయి విరిగితే అక్కడి వాళ్ళకు ఈ బండి అంతుపట్టదు. ఫోన్ చేస్తారు. బండిని లారీకి ఎక్కించి ఇక్కడికే పంపుతారు. మూడు నెలలు ఎంతలో గడుస్తాయి?

పల్చటిది పెట్టి బోల్టులు బిగించాడు.

నాలుగు కాకముందే మేష్టారి భార్య వచ్చింది, ఆ వెనకే కళ్ళజోళ్ళాయన. మేస్త్రీ తాళం తిప్పాడు. బండి మొదటి తిప్పుకే అందుకుంది. కళ్ళజోళ్ళాయన ముఖం విచ్చుకుంది. అంతా బాగున్నట్టే ఉంది. కానీ ఆ మోత అడుగున ఎక్కడో టిక్, టిక్ అని. గడియారం కన్నా చిన్నగా. మేస్త్రీకి తప్ప ఇంకెవరికీ వినబడదు.

"ఆయన అంటుండేవారు," అంది మేష్టారి భార్య. "నిదానం విని సరే అంటే చాలు, కళ్ళు మూసుకుని కొండెక్కిస్తానని. విన్నావా నిదానం? సరేనా?"

మేస్త్రీ నోరు తెరిచాడు. చెల్లెలికి చెప్పినట్టు మనిషికైతే ఎలాగో అబద్ధం చెప్పేస్తాడు, బండి ముందు ఎలా? టిక్, టిక్ అంటూనే ఉంది.

"ఇంకా కాలేదమ్మగారూ. అరగంట ఆగాలి."

ఇంజను ఆపేసి మళ్ళీ కిందికి దూరాడు. బోల్టులు అప్పటికే కాలుతున్నాయి. పంపు దించి, మందపాటి ప్యాకింగు పెట్టి, పానాతో కొసదాకా బిగించాడు. బయటికొచ్చి తాళం తిప్పి, బానెట్ మీదికి వంగి చెవి పెట్టాడు. చాలాసేపు విన్నాడు. టిక్కు లేదు. వినడానికి ఇంకేమీ లేదు.

"సరే," అన్నాడు.

కళ్ళజోళ్ళాయన జేబులోంచి ఫోన్ తీశాడు. "మీ నంబరు చెప్పండి మేస్త్రీగారూ. రేపు పంపుకేమైనా వస్తే?"

"పంపుకేం రాదు బాబూ. పదేళ్ళు దాని జోలికి పోనక్కర్లేదు."

"అంత గట్టిదా? హమ్మయ్య," అని ఆయన ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

మేస్త్రీ మోకాళ్ళ మీద వంగి బండి కదలకుండా వెనక చక్రం కింద పెట్టిన చెక్క లాగాడు. బండి మెల్లగా వీధిలోకి దిగి, మలుపు దగ్గర ఒకసారి ఎర్రదీపం వెలిగించి తిరిగిపోయింది. మేష్టారి భార్య పైటచెంగుతో ముక్కు తుడుచుకుని, వస్తాను నిదానం అని నడిచి వెళ్ళిపోయింది. అతను అటూ ఇటూ చూసి, పానాలు తుడిచి వరసగా పెట్టి, షెడ్డు తలుపు దగ్గరికి వేశాడు.

గచ్చు మీద, ఒకవైపు టైరు గాడి దిగబడిన ఆ చెక్క మిగిలింది, గాడి వీధి వైపుకు తిరిగి ఉంది.