ప్రవేశపెట్టని సవరణ

చెల్లెలు స్పీకరు కుర్చీలో, అన్న ప్రతిపక్షం బెంచీల్లో. ఆ సభకు అంతకన్నా మంచి కాలక్షేపం లేదు. అన్న లేచి "అధ్యక్షా!" అన్నప్పుడల్లా అధికార పక్షం వాళ్లు ముసిముసిగా నవ్వుకునేవారు. "చెల్లెమ్మా అనండి, ఫర్వాలేదు" అని వెనక నుంచి ఎవరో ఒకరు అందించేవారు.

ఆమె మాత్రం నవ్వేది కాదు. కుర్చీ ఎక్కిన రోజే పార్టీని గుమ్మం బయట వదిలేసింది. అన్నను కూడా వదిలేశానని నలుగురికీ చూపించుకోవాలన్న పంతం మాత్రం పోనుపోను ముదిరింది. మిగతావాళ్లకు రెండుమూడుసార్లు గంట కొట్టిగానీ మైకు ఆపేది కాదు. అన్నకు ఒక్కసారే.

పిల్లలు తక్కువున్న బడులను పక్క ఊరి బడుల్లో కలిపేయడానికి ప్రభుత్వం ఒక బిల్లు తెచ్చింది. అన్న రాజకీయాల్లోకి రాకముందు ఏటి మధ్య లంకలో పంతులుగా చేసినవాడు. పిల్లలు పడవలో ఏరు దాటాల్సిన చోట బడి మూయకూడదని ఒక సవరణకు నోటీసు ఇచ్చాడు. నోటీసు ఒక్కటే చాలదు. సభ్యుడు లేచి "నా సవరణ ప్రతిపాదిస్తున్నాను" అని నోటితో అనాలి. అప్పుడే అది సభ ముందుకు వచ్చినట్టు.

అన్నకు మాటల్లో పొదుపు తెలియదు. అసలు సంగతి వదిలేసి లంకకు వరదొచ్చిన నాటి కథ ఎత్తుకున్నాడు.

"అన్నగారికి గడియారం ఆగిపోయిందా, అధ్యక్షా?" అని ఎవరో అరిచారు. సభ గొల్లుమంది.

ఆమె చెవులు వేడెక్కాయి. గంట కొట్టింది.

"గౌరవ సభ్యులు కూర్చోవాలి. మీ సమయం అయిపోయింది."

"ఒక్క వాక్యం, అధ్యక్షా. ఒక్కటే."

"కూర్చోండి."

మైకు ఆగింది. అన్న పెదవులు కాసేపు కదిలాయి గానీ మాట ఎవరికీ వినపడలేదు. బిల్లు మూజువాణి ఓటుకు వెళ్లింది. "అవును" అన్నవాళ్ల గొంతులే పెద్దవి. బిల్లు గట్టెక్కింది.

వారం తిరక్కుండానే విద్యామంత్రి ఆమె గదికి వచ్చి, టీ తాగుతూ మాటల్లో మాటగా అన్నాడు: "మీ అన్నగారి సవరణ సబబైందేనండీ. ఒప్పేసుకుందామనే అనుకున్నాం. ఆయన ప్రతిపాదించనే లేదాయె!"

ఆమె ఆ సాయంత్రం తిన్నగా అన్న ఇంటికి వెళ్లింది. అన్న స్టూలెక్కి సీలింగు ఫ్యాను రెక్కలు తుడుస్తున్నాడు. వదిన కుర్చీ వేసినా కూర్చోలేదు. మంత్రి అన్నది పొల్లుపోకుండా చెప్పేసింది.

అన్న చేతిలో గుడ్డ ఆగిపోయింది. కేకలేస్తాడనుకుంది. వేస్తే బాగుండుననుకుంది.

"తప్పు నాదేలేమ్మా," అన్నాడు చివరికి. "ముందే ఆ ఒక్క ముక్కా అనేసి, కథ తర్వాత చెప్పాల్సింది. వాగుడుకాయనని మీ వదిన ఊరికే అంటుందా!"

"అది కాదన్నయ్యా. ఇంకెవరైనా అయితే ఆపేదాన్ని కాదు."

"తెలుసు," అన్నాడు అన్న. మళ్లీ ఫ్యాను తుడవడంలో పడ్డాడు.

తర్వాతి సమావేశాల్లో అన్న ఆ సవరణనే సొంత బిల్లుగా పెట్టాడు. అది చర్చకు రాకముందే ప్రభుత్వం పడిపోయింది, సభ రద్దయింది, సభతో పాటే బిల్లూ మురిగిపోయింది. ఆ ఎన్నికల్లో అన్న ఓడాడు. ఆమె గెలిచింది, కానీ స్పీకరు పదవి ఇస్తామంటే వద్దంది. ఈలోగా లంకలో బడి మూతపడింది. పెద్దపిల్లలు కొందరు పడవెక్కి అవతలి ఒడ్డు బడికి వెళ్తున్నారు. చిన్నవాళ్లను తల్లులు పంపడం లేదు.

ఆ పిల్లల గురించి అన్న అప్పుడప్పుడూ చెబుతుంటాడు, ఎప్పటిలాగే సాగదీసి. ఆమె ఇప్పుడు మధ్యలో ఆపదు. అతను చెప్పినంతసేపూ తల వంచుకుని వింటుంది.